డెన్మార్కు ఎలక్షన్లో వరదప్ప మీసాలు

బాగలూరు,
18 సెప్టెంబరు 2005

చిరంజీవి సౌభాగ్యవతి పూర్ణిమకు చిన్నాయన వరదప్ప దీవెనలు. ఇక్కడ నేను, మీ చిన్నమ్మ మారక్క, గులాబీ తోట, రెండు ఎనుములు బాగున్నాం. అక్కడ నువ్వు, ప్రసాదు, మీ సైకిళ్ళు బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. డెన్మార్కులో మునిసిపాలిటీ ఎలక్షన్లో నిలబడుతున్నానని రాశావు. పూలతోటలో పనికని పోయినదానివి, ఆ దేశపు పాస్‌పోర్టయినా లేదు, నిన్నెవరు నిలబడనిచ్చారు? దొంగ ఓటరు కార్డు గాని చేయించుకున్నావా? చేయించుకుని ఉంటే ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

ఇంకో అనుమానం. మొగుడు ప్రసాదు ఉండగా నువ్వెందుకు నిలబడ్డావు? అక్కడ కూడా లేడీస్ సీటు పడిందా? మన ఊళ్ళో పదేళ్ళుగా లేడీస్ సీటే కదా. పేరుకు మీ చిన్నమ్మ పంచాయతీ ప్రెసిడెంటు, పనికి నేను. ఆమెను శ్రమ పెట్టడమెందుకని సంతకాలు కూడా నేనే పెడుతున్నాను. నీ సంతకం ప్రసాదు నేర్చుకున్నాడా?

సరే, దిగాక వెనక్కి తగ్గకూడదు. మన వంశంలో ఓడినవాళ్ళు లేరు. ముసలివాళ్ళ కళ్ళకు ఆనే గుర్తు అడుగు, ఆటో మంచిది. మైకు కట్టించు. ముందు రోజు మాత్రం బిరియానీ తప్పదు. తిన్నవాడు మరిచిపోడు.

ఇట్లు,
నీ జయం కోరే చిన్నాయన,
ప్రెసిడెంటు వరదప్ప

తా.క. ఇది మీ చిన్నమ్మ రాస్తా ఉండాది. పోస్టు చెయ్యమని నాకిచ్చినాడు. అంటించే లోపల నేనూ రెండు మాటలు రాస్తా ఉండాను. కుర్చీలోంచి లేచింది నిజమే, కాఫీ పెట్టమని చెప్పేదానికి. నువ్వు దేనికోసం నిలబడినావో ఆయన అడగలేదు. నేను అడుగుతా ఉండాను, రాయి.

~

డెన్మార్కు,
2 అక్టోబరు 2005

చిన్నాయనకు, చిన్నమ్మకు పూర్ణిమ నమస్కారాలు. ఇక్కడ నేను, ప్రసాదు, రెండు సైకిళ్ళు, నలుగురమూ క్షేమం.

దొంగ కార్డు కాదు చిన్నాయనా. ఇక్కడ మూడేళ్ళు కాపురమున్న పరదేశస్థులెవరైనా మునిసిపాలిటీ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, నిలబడనూ వచ్చు. నాలుగేళ్ళకొకసారి నవంబరులో ఈ ఎన్నికలు వస్తాయి. ఈసారి పదిహేనో తారీఖున. ఒకే రోజు రెండు చీట్లు, ఒకటి మునిసిపాలిటీకి, రెండోది ఆసుపత్రులు చూసుకునే ప్రాంతీయ కౌన్సిలుకు. నేను మొదటిదానికి నిలబడ్డాను. ఇది లేడీస్ సీటు కాదు. ప్రసాదుకు మీటింగులంటే భయం. అందుకని వంట చూసుకుంటున్నాడు.

చిన్నమ్మా, నువ్వడిగినదానికి జవాబు, బస్సు. మా పూల తోటలకు పొద్దున్నే వచ్చే ఒకే ఒక్క బస్సును ఎత్తేస్తామంటున్నారు. చలికాలం ఇక్కడ ఎనిమిదికి కూడా చీకటే. ఆడవాళ్ళం మంచులో సైకిలు తొక్కాలి. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాం. అర్జీలు తీసుకునే చోటే వెళ్ళి కూర్చుంటే పోలా అనిపించింది.

గుర్తులు లేవు. మా లిస్టులో ఇరవై మందిమి, నేను పదకొండోదాన్ని. ఎవరి పేరు మీద ఎక్కువ ఓట్లు పడితే వాళ్ళు పైకొస్తారు. అంటే నాకు పోటీ మా వాళ్ళే. బిరియానీ లేదు. శనివారం అంగడి ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళకు తలా ఒక గులాబీ ఇచ్చి, "మీకేం కావాలి?" అని అడుగుతాం. వాళ్ళు చెబుతారు, మనం వినాలి. ప్రచారం అంతే.

ఇట్లు,
మీ పూర్ణిమ

తా.క. నిన్న ఒక ముసలాయన గులాబీ తీసుకుని అరగంట సేపు తన కుక్క గురించి చెప్పాడు. ఓపిగ్గా అంతా విన్నాను. చివరికి తేలిందేమంటే ఆయన పక్క ఊరి ఓటరు.

~

బాగలూరు,
14 అక్టోబరు 2005

పోటీలో ఉన్న పూర్ణిమకు, అనుభవంలో ఉన్న చిన్నాయన దీవెనలు.

ఓటరుకు ఒక్క పువ్వా! మన తోటలో రోజూ బుట్టలు బుట్టలు కోస్తాం, దాన్ని చూసి ఒక్కడూ ఓటెయ్యలేదు. సొంత పార్టీవాళ్ళే పోటీ అని రాశావు, ఆ మాట చదివాక ప్రాణం కుదుటపడింది. అది మనకు తెలిసిన రాజకీయమే. రెండు చీట్లని గొప్పగా రాశావు, మన పల్లెల్లో నాలుగు చీట్లు, నాలుగు రంగులు. అది మరిచిపోవద్దు.

"మీకేం కావాలి" అని మాత్రం అడగవద్దు తల్లీ. అడిగితే చెబుతారు. నేను పదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు, అందుకే ప్రశాంతంగా ఉన్నాను.

పదకొండో నంబరు పైకి రావాలంటే మొహం కనబడాలి. హోసూరులో సోమప్ప ప్రెస్సులో రంగు పోస్టర్లు వేయించి పార్సిలు చేశాను. ఊరంతా అంటించు.

ఇట్లు,
ప్రెసిడెంటు వరదప్ప

తా.క. పోస్టరు చూసినాను. నీ మొహం బొట్టంత ఉండాది, ఆయనది గుమ్మడికాయంత. మీసాలకే ఒక అడుగు పట్టింది. నీ ఫోటో ఎనిమిదో తరగతిది. నీ బస్సు సంగతి చదివినాక నాకు నిద్ర పట్టలేదు పాపా. మన పూలు కోసే ఆడోళ్ళు కూడా తెల్లారకముందే బుట్టలు నెత్తిన పెట్టుకొని మెయిన్ రోడ్డుకు నడస్తా ఉండారు. ఊళ్ళోకి బస్సు రాదు కదా. ఏం కావాలని వాళ్ళని ఎవురూ అడగలేదు. నేనూ అడగలేదు.

~

డెన్మార్కు,
17 నవంబరు 2005

చిన్నాయనా, చిన్నమ్మా, గెలిచాను!

నిజం చెబుతాను చిన్నాయనా, నీ పార్సిలు విప్పి చూసి మంచం కింద దాచేశాను. మా తోటలో పనిచేసే కిర్స్టెన్ అనే పెద్దావిడ కాఫీకి వచ్చి, దాన్ని చూసి, "ఇంత మంచి పోస్టరు కింద పెడతావా?" అని తిట్టి, తానే నిచ్చెన తెచ్చి దీపస్తంభాలకు కట్టేసింది.

ఇక్కడి పోస్టర్లలో అందరూ ఒకే రకంగా నవ్వుతారు. వాళ్ళ మధ్యలో నీ మీసాలు. సైకిలు మీద పోయేవాళ్ళు దిగి మరీ చూశారు. "ఈయనెవరు?" అని అడిగేవాళ్ళు. మా చిన్నాయన అంటే, "ఈయనేనా నిలబడింది?" లేదండీ, నేను అంటే, "అయ్యో" అనేవాళ్ళు. ఎలాగూ ఆగారు కదా అని గులాబీ ఇచ్చి, ఏం కావాలని అడిగి, వాళ్ళు చెప్పింది విని, తరువాత బస్సు సంగతి చెప్పేదాన్ని. పదకొండో స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చాను. మా లిస్టుకు వచ్చినవి నాలుగు సీట్లు. బస్సు ఎక్కడికీ పోదని మేయరు కాబోయే ఆవిడ రేడియోలో చెప్పింది. మా తోటలో ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని గెంతారు. నేనూ గెంతాను.

ఇట్లు,
కౌన్సిలరు పూర్ణిమ
(మొదటిసారి రాస్తున్నాను, బాగుందా?)

తా.క. మీసాల ఆయన పేరు చీటీలో లేదని ఇద్దరు ముసలమ్మలు పోలింగు అధికారితో తగవు పెట్టుకున్నారట. చిన్నమ్మా, మీ ఇంటి ఉత్తరాలు మేము కింది నుంచి పైకి చదువుతాం, నీ మాటలు ముందు కావాలని.

~

బాగలూరు,
26 సెప్టెంబరు 2006

డెన్మార్కు కౌన్సిలరుకు, డెన్మార్కును గెలిపించిన చిన్నాయన దీవెనలు.

మన ఊళ్ళోనూ ఎలక్షన్ వచ్చింది. పదేళ్ళ తరువాత ఈసారి జనరల్ సీటు. ఇంక చాటు లేదు, నా పేరు మీద నేనే ప్రెసిడెంటును. విదేశంలో ఓట్లు తెచ్చిన మీసాలు స్వదేశంలో తేలేవా? ఎదురు నిలబడింది శ్రీరామప్ప ఒక్కడే, వాడికి మీసమే సరిగా రాదు.

మన ఆనవాయితీ నీకు తెలుసు. ఏ వంకతోనైనా నా నామినేషన్ కొట్టేస్తే సీటు ఇల్లు దాటిపోకూడదని, మీ చిన్నమ్మ చేత కూడా డమ్మీగా ఒకటి వేయించాను. నాది ఖాయమవగానే ఆమెది వెనక్కి తీసుకుంటాం. వచ్చే ఉత్తరంలో విజయవార్త రాస్తాను.

ఇట్లు,
కాబోయే అసలు ప్రెసిడెంటు
వరదప్ప

తా.క. ఆ డమ్మీ కాయితంలో ఆఫీసరు ముందర కూర్చొని నేనే సంతకం పెట్టాల్సి వచ్చింది. పదేండ్ల ప్రెసిడెంటు పనిలో ఇదే నా మొదటి సంతకం. బాగానే వచ్చింది.

~

బాగలూరు,
8 నవంబరు 2006

పూర్ణిమ పాపకు చిన్నమ్మ మారక్క ముద్దులు. ఈసారి ఉత్తరం నేను రాస్తా ఉండాను. పోస్టు చేసే పని మీ చిన్నాయనది.

నామినేషన్ వెనక్కి తీసుకొనే ఆఖరి దినం, నా కాయితం మీ చిన్నాయనే రాసి, అలవాటు ప్రకారం నా సంతకం కూడా ఆయనే పెట్టి, తోటలో పూలు కోస్తా ఉండేదాన్ని పిలుచుకొని ఆఫీసుకు పోయినాడు. ఆఫీసరు ఆ కాయితాన్నీ, నా నామినేషన్నీ పక్కపక్కన పెట్టి చూసినాడు. "ఏమ్మా, సంతకాలు వేరేగా ఉండాయే. ఏది నీది?" అన్నాడు. మీ చిన్నాయన నా పక్క చూసినాడు. రెండూ నావే అనుంటే అయిపోయుండును. కానీ నాకు ఆ పూల బుట్టలు, ఆ చీకటి దోవ గుర్తుకొచ్చినాయి. "నామినేషన్లో ఉండేది నాది సార్" అన్నాను. "అయితే ఇందులో కూడా పెట్టమ్మా" అన్నాడు. "వద్దు సార్, ఆ ఒక్కటి చాలు" అన్నాను.

ఇంటి వాకిట్లోకి వచ్చినాక మీ చిన్నాయన, "సరే, పోటీ అంటే పోటీనే. కానీ నా బిరియానీ ఎవురు వండేది?" అన్నాడు. నేనే వండినాను. ఊరంతా ఆయన బిరియానీ తినింది, ప్రెసిడెంటమ్మ చేతి వంటని మెచ్చుకొని నాకు ఓటేసింది.

ఊరికే వెయ్యలేదులే. బుట్టలో రోజాలు వేసుకొని ఇల్లిల్లూ తిరిగినాను. పువ్విచ్చి, "నీకేం కావాలమ్మా?" అని అడిగినాను. మంజులమ్మ నేను పూలమ్మేదానికి వచ్చినాననుకొని, "రేపు రా" అని తలుపేసింది. తక్కినోళ్ళు కూర్చోబెట్టి చెప్పినారు. అందరూ అడిగింది ఒకటే, బస్సు. ఇన్నూరు ఓట్ల పైన మెజారిటీ పాపా! మీ చిన్నాయన రెండో స్థానం. శ్రీరామప్ప సంగతి అడగొద్దు.

ప్రమాణం చేసిన మర్నాడే పూలు కోసేవాళ్ళందరమూ బుట్టలతో పోయి హోసూరులో బస్సు డిపో ముందర కూర్చున్నాం. "మీకేం కావాల?" అని వాళ్ళే అడిగినారు. మొన్న సోమవారం నుంచి తెల్లారి బస్సు ఊళ్ళోకి వస్తా ఉండాది. ముందర అద్దానికి మన రోజాల దండేసినాం. బుట్టలు పైకెక్కించి మేము సీట్లల్లో కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది, చెప్పేదానికి సిగ్గేమి.

ఇట్లు,
మీ చిన్నమ్మ మారక్క,
ప్రెసిడెంటు
(పేరుకూ, పనికీ)

తా.క. ఇది మీ చిన్నాయన రాస్తున్నది. పోస్టు చెయ్యమని నాకిచ్చింది. కొత్త బస్సులో కూర్చుని రాస్తున్నాను, కుదుపులకు అక్షరాలు ఎగిరితే మన్నించు. మన వంశంలో ఓడినవాళ్ళు లేరన్న మాట ఇప్పటికీ నిజమే, సీటు ఇంట్లోనే ఉంది. కాకపోతే నాకు పని లేదు. సంతకాలు కూడా ఆమే పెట్టుకుంటోంది. అక్కడ మూడేళ్ళు కాపురమున్న పరదేశస్థుడెవడైనా నిలబడవచ్చని రాశావు కదా. మీ తరువాతి ఎన్నిక 2009 నవంబరు. ఇప్పుడే బయలుదేరితే సరిగ్గా సరిపోతుంది. ప్రసాదును పక్క గది ఖాళీ చెయ్యమను. ఆ ఇద్దరు ముసలమ్మల ఆరోగ్యం మాత్రం అంతవరకూ జాగ్రత్తగా చూసుకో.