సబ్బు మీద నింద

బావగారికి,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి. కుడి భుజం ఎముక విరిగింది. బాత్రూంలో సబ్బు మీద కాలేసి జారిపడ్డానని ఇంట్లో చెప్పాను. నా స్నేహితుడు మీ షెడ్డులో దింపి వెళ్ళిన సైకిలు చూసి అసలు సంగతి మీరు గ్రహించే ఉంటారు.

గిటారూ కెమెరా అటకెక్కాక, యాభై మీదపడుతోందన్న భయంతో కొండదారుల్లో తొక్కే ఈ సైకిలు కొన్నాను. ఇంక ఎక్కనని మీ చెల్లెలికి మాటిచ్చి కూడా, ఆఫీసు పనుందని చెప్పి వెళ్ళాను. కొండ దిగుడులో ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టేసి, ఎగిరి బండల మీద పడ్డాను.

ఆ సబ్బు వదిలేసింది తనేనని మా అమ్మాయి నమ్మేసింది. ఇప్పుడు ఎవరు స్నానం చేసొచ్చినా, వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా పొడిగుడ్డతో తుడుస్తోంది. నిన్న నాకు అన్నం తినిపిస్తూ, "నావల్లే కదా నాన్నా" అంది. నేను నోరు తెరిచాను, ముద్ద కోసం.

వంగిపోయిన ఆ చక్రం బాగుచేయించకండి. ఆదివారం అందరం ఇంట్లో ఉంటాం, సైకిల్ని అలాగే తీసుకురండి. అప్పటికీ నాకు నోరు పెగలకపోతే, తీసుకెళ్ళి ఆ బాత్రూం గుమ్మం ముందు నిలబెట్టండి.

మొహం చెల్లని
మీ బావ