లక్ష్మి తెల్ల చీర

మంగళవారం, రాత్రి

మ్యాచింగ్ సెంటర్‌ల ఎవరన్న నేనిచ్చిన బట్టను బయటికి తీస్కపోయి ఎండల పట్టి చూస్తే నాకు కోపం. ఇయ్యాల గౌలిపుర టీచరమ్మ గట్లనే చూసింది. "సేఠ్, నా చీర తెలుపు, ఈ జాకెట్ బట్ట మీగడ రంగు" అన్నది. నాకు రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి.

వాపస్ వస్తుంటే చాంద్రాయణగుట్ట కాడ ఎదురుబండ్ల లైట్లు పువ్వుల లెక్క విచ్చుకున్నయి. బండి పక్కకు ఆపిన. వెనక కూసున్న బిడ్డ, "బాపూ, కంట్లె శుక్లం వస్తున్నట్టుంది. రేపే డాక్టర్‌కు చూపిద్దాం" అన్నది.

నా ఫికర్ వేరే. ఇంటికొచ్చి బీరువాలకెల్లి లక్ష్మి తెల్ల చీర తీసిన. ఆమె పోయినంక అప్పుడప్పుడు తీసి చూస్కుంట. ఈ మధ్య పసుపెక్కుతుందని, ఆమెది అదొక్కటి గూడ ఖరాబైతుందని మస్తు బాధపడుతున్న.

బిడ్డకు చూపించిన. "తెల్లగనే ఉంది బాపూ, అమ్మ కట్టినప్పటి లెక్కనే" అన్నది.

మల్ల లైటు కింద పట్టిన. నాకు పసుపుగనే ఉంది.

డాక్టర్ కాడికి పోత. లక్ష్మిని ఎట్లాగు చూడలేను. ఆమె కట్టిన తెలుపన్నా ఒక్కసారి మల్ల చూడాలె.