బుక్కు మూసి గట్టిగ చెప్పు

బాపూ,

నువ్వు పోయినంక కాలేజీల చేరిన. ఇయ్యాల మొదటి సెమిస్టర్ రిజల్ట్ అచ్చింది. క్లాసుల నేనే ఫస్ట్!

ఈ సూరత్‌ల ఏండ్ల కొద్ది బట్టలు నేసే సాంచెలు నడిపి, ఆ చప్పుడుకు నీ చెవులు మందమైనయ్. అయినా కార్ఖాన నుంచి రాంగనే "ఇయ్యాల ఏం చెప్పిండ్రు? బుక్కు మూసి చెప్పు" అంటుంటివి. నేను ఒర్రుకుంట చెప్పేదాన్ని. నీకు సమజ్ కాకపోతే "మల్ల చెప్పు" అంటుంటివి. నాకు రానిది ఏందో గప్పుడే తెలిసేది. అమ్మేమో "జర మెల్లగ చెప్పరాదే, పక్కింటోళ్లు ఏమనుకుంటరు" అని కసురుతుండె.

గదే అలవాటు తోటి కాలేజీ లైబ్రరీల సుత బుక్కు మూసి గట్టిగ చెప్పుకున్న. అందరు నవ్విండ్రు. మేడం బయటికి పంపింది. నేనేమన్న తక్కువ తిన్ననా? ఇగ రోజూ బయట మెట్ల మీద కూసొని, ఎదురుంగ నువ్వున్నట్టే పాఠం చెప్పిన. అప్పుడు నవ్విన హేతల్ ఒకనాడు పక్కకచ్చి కూసున్నది. "ఫిర్ సే బోల్ నా, సమఝ్ నహీ ఆయా" అన్నది. అచ్చం నీ "మల్ల చెప్పు" మాటనే, హిందీల! పరీక్షలు అచ్చేసరికి మెట్లన్ని నిండినయ్. మెట్ల మీదోళ్లం అందరం పాసైనం.

ఇంటికచ్చి నీ ఫోటో ముంగట నిలవడి మార్కులు సదువుతుంటే, అమ్మ వంటింట్లకెల్లి అచ్చింది. మెల్లగ సదువు అంటదేమో అనుకున్న.

"గంత మెల్లగ సదివితే మీ బాపుకు ఇనవడ్తదా? గట్టిగ చెప్పు" అన్నది.

ఒర్రి చెప్పిన బాపూ. గల్లీ మొత్తం బయటికచ్చింది.

నీ బిడ్డ