ముందు మూడు, వెనక సున్నా

సామన్, ఐడహో
మే 16, 2019, గురువారం

చిరంజీవి వెర్లిన్‌కి,

దీవించాలో చెవి మెలిపెట్టాలో ఇంకా తేల్చుకోలేని నీ అక్క కార్లిస్ రాస్తున్నది. నేనిక్కడ క్షేమం అని రాస్తే అబద్ధం. ఒళ్లు బాగానే ఉంది, కడుపే మండిపోతోంది. మరదలు ఆర్డిత్ మోకాలు ఎలా ఉంది, మీ కుక్క పికిల్ మళ్లీ ముళ్లపంది మీదికి వెళ్లి మూతి నిండా ముళ్లు గుచ్చుకుని వచ్చిందా అని అడుగుదామంటే నువ్వు ఫోన్ ఎత్తవు. నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి ఎత్తి మరీ పెట్టేశావు. అందుకే షాపులో కూర్చుని టైపు కొడుతున్నాను. మధ్యలో చేపల ఎరకి వానపాములు కావాలనీ గ్యాసు నింపాలనీ జనం వస్తూనే ఉన్నారు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువు.

పోయిన వారం మంగళవారం నా షాపులో నిలబడి నువ్వన్న మాటలు నీకు గుర్తున్నాయో లేదో. నాకు పొల్లుపోకుండా ఉన్నాయి. క్యాంపర్ ఎంచుకోవాలి అక్కా, నీకు తెలిసినంత ఎవరికి తెలుసు అంటూ వచ్చింది నువ్వే. జూన్ ఒకటి నుంచి స్టాన్లీ చెరువు దగ్గర క్యాంపు మైదానానికి కాపలా ఉద్యోగం, వేసవి మూడు నెలలూ నువ్వూ ఆర్డితూ అక్కడే, పికప్ వెనక ఎక్కించుకునే చిన్న ఇల్లు కావాలి, పైకప్పు లేపితే గుడ్డ గోడలు విచ్చుకునే రకం చాలు అన్నావు. నేను ఎంత సంబరపడ్డానో తెలుసా? ఇరవై రెండేళ్లుగా ఇవే కొంటున్నాను, ఇవే బాగుచేస్తున్నాను, ఇవే అమ్ముతున్నాను. ఇన్నాళ్లకి మా తమ్ముడు నన్ను ఒక మాట అడిగాడు అనుకున్నాను.

తీరా చూస్తే అడగడానికి కాదు, చెప్పడానికి వచ్చావు. బోయిసీలో ఎవరో సేల్స్‌మన్ దగ్గర అప్పటికే అడ్వాన్స్ కట్టేసి రంగుల కాగితం జేబులో పెట్టుకొచ్చావు. టాయిలెట్టు ఉంది, ఫ్రిజ్ ఉంది, బరువు పదకొండు వందల యాభై పౌండ్లే అని మురిసిపోయావు. అది ఖాళీ డబ్బా బరువురా నాయనా అన్నాను. నీళ్ల ట్యాంకు నింపితే నూట అరవై ఆరు. గ్యాసు బండలు రెండూ డెబ్బై ఐదు. బ్యాటరీ అరవై. నాలుగు మూలలా జాకీలు నూట ఇరవై, వాటిని ఆ కాగితంలో లెక్కే వెయ్యరు. బట్టలూ గిన్నెలూ వంద. నువ్వూ ఆర్డితూ నాలుగు వందలు. తప్పుగా అనుకోకు, అందులో ఎక్కువ వాటా నీదే. పికిల్ ఒక అరవై. అన్నీ కలిపి గ్యాసు బిల్లు వెనక రాసి చూపించాను. రెండువేల నూట ముప్ఫై దాటింది.

నువ్వేం చేశావు? నవ్వావు. నన్ను బయటికి లాక్కెళ్లి బండి తలుపు తీసి, తలుపు అంచున ఉన్న స్టిక్కరు మీద వేలు పెట్టి చదివావు. మనుషులూ సామానూ కలిపి రెండువేల నాలుగు వందల పౌండ్లు మొయ్యగలదు అని. పైగా, నీ ఏడుపు కూడా ఎక్కించుకున్నా ఇంకా చోటు మిగులుతుందే అక్కా అన్నావు. టపా తెచ్చే మెర్ల్ అక్కడే ఉన్నాడు. చేపలకొచ్చిన ఇద్దరు మొంటానా వాళ్లూ ఉన్నారు. వాళ్ల ముందే, మా అక్కకి తన దొడ్లో ఉన్న గుడ్డ డబ్బా నాకు అంటగట్టాలని ఆశ, అందుకే కాకిలెక్కలు చెబుతోంది అన్నావు. మెర్ల్ ఎంత మంచివాడు కాకపోతే బూటు లేసు ఊడకుండానే వంగి కట్టుకున్నాడు చెప్పు!

గుడ్డ డబ్బా! అవును, నా దొడ్లో ఒకటుంది. టాయిలెట్టు లేదు, ఫ్రిజ్ లేదు, ఏడువందల పౌండ్లు. గుడ్డ నేనే కుట్టాను. ఆర్డిత్ పడుకోవడానికి అటక ఎక్కనక్కర్లేదు, కింద బెంచీయే మంచమవుతుంది. నువ్వు కొన్నదాంట్లో పడక డ్రైవరు నెత్తిమీద. ఆ మోకాలితో ఆవిడ రాత్రి రెండుసార్లు దిగి ఎక్కాలి. ఆవిణ్ణి ఒక్కసారైనా ఎక్కించి చూశావా? పైకప్పు ఆవిడ చేత ఎత్తించావా? సేల్స్‌మన్ ఎత్తితే దూదిలాగే లేస్తుంది. వాడికి అదే పని. నేను ఫోన్ చేసి ఆర్డిత్‌నే అడిగాను. నన్నెవరూ ఏమీ అడగలేదు వదినా, నేను బండిలో కూర్చుని స్వెట్టర్ అల్లుకున్నాను అంది. సిగ్గుండాలి నీకు.

ఆ సేల్స్‌మన్ చెప్పాడట, హాఫ్ టన్ బండి అని పేరే గానీ టన్ను పైనే ఎత్తుతుందని. నలభై ఏళ్లు మంచు తోసే లారీలు నడిపినవాడివి, బానర్ కనుమ మలుపులు నీకు అరచేతి గీతల్లా తెలుసు, బరువెక్కువైన బండి దిగుడులో బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో తాళ్లతో లోయలోకి దిగి మరీ చూసినవాడివి. నువ్వు ఆ మాట నమ్మావా?

ఇప్పుడు అసలు సంగతి, కళ్లజోడు పెట్టుకుని చదువు. ఆ స్టిక్కరు నీ బండిది కాదు. నిన్న సాయంత్రం షాపు మూస్తుంటే తట్టింది. రెండేళ్ల కిందట చలికాలంలో ఎల్లిస్ ఊరు దాటాక ఎల్క్ దుప్పి వచ్చి నీ డ్రైవరు తలుపుని గుద్దింది కదా? తరవాత బిగించిన తలుపు పాత బండ్ల యార్డు నుంచి వచ్చింది. రంగు కలిసింది, అద్దం బాగుంది, మనం సంతోషించాం. స్టిక్కరు ఆ తలుపుతోనే వచ్చింది. నమ్మకపోతే వెళ్లి దాని పై వరస చూడు. సీట్లు: ముందు మూడు, వెనక సున్నా అని ఉంటుంది. వెనక సున్నా అయితే మీ పికిల్ ఇన్నాళ్లూ ఎక్కడ కూర్చుంటోందిరా, గాలిలోనా? అది వెనక సీటే లేని ఒంటి క్యాబిన్ బండి తలుపు, బరువులు మొయ్యడానికే చేసిన బండి. నీ బండి నంబరు నా పుస్తకంలో ఉంటే కంపెనీ కౌంటర్లో అడిగాను. నీది మొయ్యగలిగేది పదమూడు వందల ఎనభై. అంటే ఏడువందల యాభై పౌండ్లు ఎక్కువ వేసుకుని, పక్కన ఆర్డిత్‌ని కూర్చోబెట్టుకుని, బానర్ కనుమ దిగబోతున్నావు. ఎల్లుండి, శనివారం, బోయిసీలో ఆ డబ్బా ఎక్కించుకుని వస్తూ.

నా డబ్బా కొనొద్దు. నీ చేతికి అమ్మను కూడా. ఎవరి దగ్గర కొన్నా సరే, ముందు నీ బండిని నిండా పెట్రోలుతో, మీ ఇద్దరితో, కుక్కతో చెత్త యార్డు తూకం మీద పెట్టు. ఇంకెంత మిగిలిందో చూసుకుని ఆ తరవాత క్యాంపర్ వెతుకు. బండిని బట్టి ఇల్లు ఎంచుకోవాలి గానీ, ఇంటిని చూసి మురిసి బండి మీద పడెయ్యకూడదు. అడ్వాన్స్ పోతే పోయింది. వినకపోతే నీ ఇష్టం, నీ బండి, నీ మెడ. ఆర్డిత్ మెడ మాత్రం నీది కాదు.

నీ మీద కోపం ఇంకా సగం కూడా తీరని,
అక్క
కార్లిస్

తా.క. నిన్న తట్టింది అని రాసింది అబద్ధం. చించి మళ్లీ రాద్దామంటే చెయ్యి రాలేదు. యార్డుకి వెళ్లి ఆ తలుపు తెచ్చింది నేనే కదా, నువ్వు చేతికి కట్టుతో ఇంట్లో ఉన్నావు. స్టిక్కరు పీకెయ్యనా అమ్మా అని యార్డు ఆయన అడిగాడు. ఉండనివ్వండి, లేకపోతే బోసిగా ఉంటుంది అన్నాను. మంగళవారం నువ్వు ఆ అంకె చదువుతుండగానే నాకు ఆయన చేతిలో చాకు గుర్తొచ్చింది. అప్పుడే చెప్పాల్సింది. నా ఏడుపు అన్నావు చూడు, ఆ మాటతో నోరు మూసుకున్నాను. పోనీ, వాడికే తెలుస్తుంది అనుకున్నాను. అలా తొమ్మిది రోజులు అనుకున్నానురా వెర్లిన్. కోపం నీ మీదనుకుని ఫోన్లు చేశాను. ఎత్తి మాట్లాడి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఇది పోస్టులో వేస్తే శనివారానికి చేరదు. రేపు మధ్యాహ్నం మీరు మాజీ సైనికుల లీజన్ హాల్లో భోజనానికి వెళ్తారుగా, నీ బండికి తాళం ఉండదు. ఆ స్టిక్కరు చాకుతో ఊడదీసి, ఈ కాగితాలకే అంటించి వైపరు కింద పెడతాను, పై వరస అక్కడే చూసుకో. రోడ్డు అవతల నా బండిలోనే కూర్చుని ఉంటాను. తిట్టడానికైనా సరే, అక్కడికి రా.