కాలేజీ పక్క ఇల్లు పోయింది

అక్కా,

బ్రెడ్డు బల్ల మీదుంది, తిను. ఈ లాడ్జి గది రేపు ఖాళీ చెయ్యాలి కాబట్టి, నీ కొత్త ఆస్పత్రి వెనక వీధిలో ఇంటావిడకి ఐదులోపు ఫోన్ చేసి ఇల్లు ఖాయం చెయ్యి. నంబరు అద్దానికి అంటించాను.

నా కాలేజీ పక్క ఇల్లే తీసుకుందామన్నావు కదా. నిన్న మీ ఆస్పత్రి గేటు నుంచి అక్కడిదాకా వెళ్లి చూశాను. రెండు బస్సులు మారాలి. ఎక్కినప్పుడు నున్నగా ఉన్నాను, దిగేసరికి గడ్డమొచ్చింది. రోజంతా వార్డులో నిలబడి, మళ్లీ బస్సులో కూడా నిలబడతావా? నాదేముంది, క్లాసులో పడుకునేది బస్సులో పడుకుంటాను.

నువ్వెలాగూ వినవని ఆ ఇంటాయనకి పొద్దున్నే ఫోన్ చేశాను. నేను డ్రమ్స్ వాయిస్తానని, మనకి నాలుగు కుక్కలున్నాయని, నువ్వు పాడతావని చెప్పాను. "అయ్యో బాబూ, ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశాం" అన్నాడు పాపం. కాబట్టి తిట్టి లాభం లేదు.

నేను సామాన్ల ఆటో మాట్లాడ్డానికి వెళ్తున్నా.

ఇంకోటి. ఆస్పత్రి వెనక ఇంటికి ఎనిమిది నిమిషాల నడకే. అంత తొందరగా ఇంటికొస్తే నువ్వు నిజంగానే మళ్లీ పాడటం మొదలెడతావేమో. నా భయమల్లా అదే.