ఇరవై ఒక్క రోజులు, రెండు చుక్కల లావెండర్

సోమవారం, 3వ తేదీ. ఉదయం 6:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

నిర్ణయం: ఇరవై ఒక్క రోజుల పాటు కారులో ఎవరి మీదా అరవను.

కారణం కూడా రాసి పెట్టుకోవాలి, లేకపోతే మధ్యలో మర్చిపోతాను. నేను డ్రైవింగ్ నేర్పుతాను. పదిహేడేళ్ళయింది. స్కూలు మా అన్నయ్యది. నిన్న నా మీద మూడో ఫిర్యాదు వచ్చింది. "మేడం అరుపుకి స్టీరింగ్ వదిలేసి చెవులు మూసుకున్నాను" అని ఎవరో మహానుభావుడు రాసిచ్చాడు. స్టీరింగ్ వదిలేసినందుకు వాణ్ణి కదా అనాలి! అన్నయ్య వింటేగా. "చూడమ్మా, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, కారు తాళాలు నాకిచ్చేసి ఆఫీసులో కూర్చో. ఫారాలు నింపుకుందువుగాని" అన్నాడు.

నేనా! ఫారాలా! ఆ కుర్చీలో అరగంట కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. మా కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది కాలి కింద లేకపోతే నాకు ఊపిరాడదు.

6:25. వదిన వచ్చింది. మూడు రోజులు నూనెల క్లాసుకి వెళ్ళొచ్చిందేమో, ఇక ఆవిణ్ణి పట్టలేకపోతున్నాం. చేతిలో చిటికెన వేలంత సీసా. లావెండర్ నూనె. పూలకి ఆవిరి పట్టి తీస్తారట. ఆవిడ చెప్పినవి:
- మనసు కుదుటపడుతుంది.
- నిద్ర బాగా పడుతుంది.
- బట్టల్లో పెడితే పురుగులు దగ్గరికి రావు.
- తాగకూడదు!! ఒంటికి నేరుగా రాయకూడదు, బాదం నూనెలో కలపాలి.
- రుమాలు మీద రెండు చుక్కలు. రెండే.

"నీ కోపం ముక్కు మీదే ఉంటుందిగా, మందు కూడా అక్కడికే" అంది. నవ్వాను. అరవలేదు. మొదలైపోయింది!

మంగళవారం, 4

ఉదయం 7:00. శిష్యురాలు: పళ్ళ డాక్టరమ్మ. లైసెన్సు టెస్టు నాలుగుసార్లు తప్పింది. అయిదోది 14న. "ఈవిణ్ణి ఫిర్యాదు లేకుండా గట్టెక్కించు, కారు నీదే" అని అన్నయ్య మాటిచ్చాడు.

7:12. డాక్టరమ్మ వెనక్కి పోనిస్తూ గేటు మీదికి వెళ్తోంది. నేను రుమాలు వాసన చూసి, "అమ్మా, వెనకాల గేటుంది, గమనించారా?" అన్నాను. ఆవిడ కారాపి నా వైపు తిరిగింది. "మేడం, ఒంట్లో బాగానే ఉందా?"

అరుపులు: సున్నా. నేను దేవతని!

బుధవారం, 5

రెండు చుక్కలకే ఇంత శాంతి ఉంటే, అయిదింటికి ఎంతుండాలి? సీటు బెల్టుకి కూడా రాశాను.

7:40. డాక్టరమ్మ నడక కన్నా నెమ్మదిగా పోనిస్తోంది. వెనకాల హారన్లే హారన్లు. "పోనివ్వండి, పాపం వాళ్ళకేం తొందరో" అన్నాను. ఎవరు? నేను! ఇంటికొచ్చి చెబితే మా ఆయన కుట్టు మిషన్ ఆపి, లేచొచ్చి నా నుదురు తడిమి చూశాడు.

గురువారం, 6

వదిన దగ్గర్నుంచి ఆవిరి చిమ్మే చిన్న పరికరం తెచ్చి కారులో పెట్టాను. కారంతా పూలతోట!

7:15 నుంచి 8:00 వరకు ఆవలింతలు: నావి 11, డాక్టరమ్మవి 9. ఒకే కూడలి చుట్టూ మూడుసార్లు తిరిగాం. మూడోసారికి పూలమ్మే ఆవిడ మాకు చెయ్యూపింది. "మేడం, ఎటు తిప్పమంటారు?" అంది డాక్టరమ్మ. "ఎటైనా బాగానే ఉంటుందమ్మా" అన్నాను. ఇది చదువుకుంటుంటే ఇప్పుడు నాకే భయమేస్తోంది. కొంచెమే.

శుక్రవారం, 7

తలనొప్పి. టీ తాగితే సబ్బు తిన్నట్టుంది. వదినకి ఫోను చేశాను.
"ఎన్ని చుక్కలేస్తున్నావ్?"
"రెండే వదినా."
(అబద్ధం. పద్నాలుగు.)

శనివారం, 8

నిబంధనల్లో సవరణలు:
1. ఇంట్లో అరిస్తే లెక్కలోకి రాదు. నిర్ణయంలో "కారులో" అని స్పష్టంగా రాసుకున్నాను. కాబట్టి బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క కింద పడేసి నాతో తొక్కించినందుకు మా ఆయన్ని అన్నవేవీ లెక్కలోకి రావు.
2. కారులో ఒంటరిగా, అద్దాలెత్తి అరిస్తే అది అరుపు కాదు. గొంతుకి వ్యాయామం.
3. పావురాలు మనుషులు కావు.

9:20. రెండో సవరణ అమలు చేశాను. నిమిషం పాటు. హాయి!! కళ్ళు తెరిస్తే, కారు కడిగే అతను అద్దంలోంచి చూస్తున్నాడు. "పాడుతున్నారా అక్కా?" అన్నాడు. అవునన్నాను. పాపం, బాగుందన్నాడు.

సోమవారం, 10

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

7:35. స్కూలు వెనకాల మైదానం. డాక్టరమ్మ నెమ్మదిగానే పోనిస్తోంది, కాకపోతే నేరుగా మా స్కూలు బోర్డు మీదికి. నా వైపు బ్రేకు తొక్కాను. దిగదే! నా ఒళ్ళోంచి జారిన లావెండర్ సీసా బ్రేకు కిందికి దొర్లి అడ్డం పడింది.

ఒక్క మాట అరవాల్సింది. "బ్రేక్!" అంతే. నేను అన్నది, ఉన్నదున్నట్టు: "డాక్టరమ్మా, మీకు ఇబ్బంది లేకపోతే, కాస్త ఆ మధ్యలో ఉన్నదాన్ని, నెమ్మదిగా..."

"నెమ్మదిగా" దగ్గర బోర్డు పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, బోర్డు మీది అన్నయ్య ఫొటోకి తప్ప. ముక్కు దగ్గర మడత పడింది.

డాక్టరమ్మ కిందికి దిగి నన్ను కడిగేసింది. "అరవొచ్చు కదా మేడం! నాలుగు టెస్టులు తప్పాను గానీ ఇంతవరకూ దేన్నీ గుద్దలేదు. ఎందుకని? మీరు అరుస్తారని!" నేరుగా లోపలికెళ్ళి కాగితం మీద రాసిచ్చింది: మేడం అరవడం లేదు.

"ఇది ఆ లెక్కలోకి రాదన్నయ్యా" అన్నాను.
"ఫిర్యాదు ఫిర్యాదే" అని చెయ్యి చాపాడు.

తాళాలు ఇచ్చేశాను.

మంగళవారం, 11

ఆఫీసు కుర్చీ. నింపిన ఫారాలు: 22. కిటికీలోంచి నా కారు కనిపిస్తోంది. నా సీట్లో అన్నయ్య. బాత్రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. కారు కోసం ఏడ్చే ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఉండనీ.

బుధవారం, 12

డాక్టరమ్మకి పాఠం చెప్పి అన్నయ్య తిరిగొచ్చాడు. గొంతు పోయింది. సైగలతో తిడుతున్నాడు. నాకు సంతోషంగా లేదని రాస్తే ఈ డైరీ కూడా నమ్మదు.

11:00. చీర కొంగుని ఫారానికి కలిపి స్టేప్లర్ కొట్టాను. స్టేప్లర్ మీద అరిచాను.

శుక్రవారం, 14

టెస్టు. ఉదయం 9:30. కారులో డాక్టరమ్మ, పక్కన పరీక్షాధికారి. నేర్పినవాళ్ళు కంచె బయటే ఉండాలి. "మీరొచ్చి నిలబడండి మేడం, చాలు" అని ఆవిడే బతిమాలింది. అన్నయ్య సరేనని తలూపాడు. రుమాలులో చుక్క కూడా లేదు. వట్టి గుడ్డ.

9:41. అంతా బాగా చేస్తోంది. ఉన్నట్టుండి ఒక కుక్క కారు ముందుకొచ్చింది.

రుమాలు నోట్లో కుక్కుకున్నాను. దేవుడి మీద ఒట్టు, కుక్కుకున్నాను. అయినా వచ్చేసింది.

"బ్రేక్!!!"

మైదానంలోని మిగతా మూడు కార్లూ ఆగిపోయాయి. బయట రోడ్డు మీద సామాన్ల వ్యాను ఆగింది (డ్రైవరు ఏడేళ్ళ కిందటి నా శిష్యుడే). సైకిలు మీద పోతున్న పెద్దాయన కూడా ఆగాడు, ఆయనెవరో నాకు తెలియనే తెలియదు. కుక్క కూడా ఆగింది.

పరీక్షాధికారి కారు దిగి కంచె దగ్గరికొచ్చాడు. "బయటినుంచి చెప్పకూడదు. చెబితే అభ్యర్థి తప్పినట్టే."

అయిదోసారి! నా చేతులారా! కాదు, నా నోరారా!

"ఆవిడ తప్పేం లేదు సార్, నాదే" అన్నాను.

"నన్ను చెప్పనివ్వండమ్మా. మీరు అరిచేటప్పటికే ఈవిడ కారాపేసింది. నేను పక్కనే కూర్చుని చూశాను. మీ అరుపుకి ఆగింది మిగతా వాళ్ళే. ఈవిడ పాసైంది."

కంచె పట్టుకుని ఏడ్చాను. ఈసారి బాత్రూములో కాదు, అందరి ముందూ, గట్టిగా. నేను అరవకముందే ఆపింది! పదిహేడేళ్ళలో అలా ఎంతమంది ఆపారో, నేను ఒక్కసారైనా చూశానా? డాక్టరమ్మ వచ్చి నన్ను వాటేసుకుంది. అన్నయ్య నా చేతిలో తాళాలు పెట్టి, పోయిన గొంతుతో "మళ్ళీ మొదటినుంచి లెక్క పెట్టు. ఇరవై ఒకటి" అన్నాడు.

శనివారం, 15. మొదటి రోజు!

ఈసారి పెప్పర్‌మింట్ నూనె. మెదడుని తట్టి లేపుతుందని వదిన హామీ. ఒక్కటే చుక్క.

కొత్త శిష్యుడు: రిటైరైన లెక్కల మాస్టారు.
7:05. మాస్టారు ఎర్రలైటు మీద అరిచాడు.
7:20. మలుపు. ఎదురుగా గోడ. నోరు తెరిచాను. అరవబోయి, ముందు ఆయన కాలి వైపు చూశాను. బ్రేకు మీదే ఉంది. నోరు మూసుకున్నాను.
7:31. అరిచాను.
7:32. మాస్టారు తిరిగి అరిచాడు.

మొత్తం అరుపులు: ఎనిమిది. అరవబోయి ఆపుకున్నది: ఒకటి. పదిహేడేళ్ళలో ఇదే మొదటిది!

రేపు సెలవు. సోమవారం మొదటి రోజు.