పెరిగిన రెండొందల మిల్లీలీటర్లు

మార్చి 3

ల్యాబ్ మేడ మీద ట్రేలో సముద్రపు నీళ్లు, పైన ఏటవాలుగా గాజు పలక. ఎండకు నీళ్లు ఆవిరై, గాజుకు చెమ్మగా పట్టి, పక్కనున్న కాలవలోకి మంచినీళ్లుగా జారతాయి. రోజుకు మూడు లీటర్లు. రెండేళ్లుగా అంతే. ఎఫిషియెన్సీ ఎంత పెరిగిందని మా హెడ్ రోజూ ప్రాణం తీస్తాడు. చాటుగా ఆయన్ని పర్సెంటు అంటాం. ఈ నెల కూడా పెరక్కపోతే ప్రాజెక్టు మూసేస్తారట.

మార్చి 6

ట్రేలో నల్లగుడ్డ పరిచాను. అది నీళ్లు పీల్చుకుని తొందరగా వేడెక్కుతుంది. సాయంత్రానికి మూడు లీటర్ల రెండొందలు! పర్సెంటు నా భుజం తట్టాడు. ఆ మనిషి ఒకరిని తాకడం ఇదే మొదటిసారి చూశాను.

మార్చి 7

ఎప్పటిలాగే ఆ నీళ్ల క్యాన్ ఇంటికి తెచ్చాను. అక్క గుండె బలహీనం, ఉప్పు తగలకూడదన్నారు. కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకే తాగడానికీ, తన వంటకూ నా ల్యాబ్ నీళ్లే. ఆవిరిలో ఉప్పుండదు. నేను మాత్రం కుళాయి నీళ్లే తాగుతాను. ఆమె వాటా ముట్టబుద్ధి కాదు.

మార్చి 8

ఉప్పు చూసే మీటరు వెలగలేదు. బ్యాటరీ కొనాలి. తొందరేం లేదు, అదెప్పుడూ సున్నానే చూపిస్తుంది.

మార్చి 11

ఈ మధ్య అన్నం భలే రుచిగా ఉంటోందిరా, అంతా నీ నీళ్ల మహిమే అని అక్క ఏడిపించింది. గాల్లో తేలిపోయాను. గుడ్డ సంగతి అరగంట చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నది.

మార్చి 19, ఉదయం

అక్క కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఆస్పత్రిలో చేర్చాను.

సాయంత్రం

ఉప్పు తింటోందా అని డాక్టరు అడిగాడు. ఇంట్లో రవ్వంత కూడా లేదన్నాను. ఎక్కడో తింటోందయ్యా, ఒంట్లో ఇంత నీరు ఊరికే చేరుతుందా అన్నాడు. ఇంటికొచ్చి బీరువా, దిండు కింద, మందుల డబ్బా, అన్నీ వెతికాను. ఏమీ లేదు. అయినా వెనక్కి వెళ్లి వార్డులో అందరి ముందూ ఆమెను కడిగిపారేశాను. నోరు కట్టుకోలేవా అన్నాను. ఒట్టురా, చిటికెడు కూడా ముట్టలేదు అంది. నమ్మలేదు.

మార్చి 20, మధ్యాహ్నం 3

బ్యాటరీ వేశాను. మీటరు సున్నా చూపలేదు, చెడిపోయిందనుకున్నాను. క్యాన్ నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉన్నాయి.

గుడ్డ అంచు ఒకటి ట్రే గట్టు దాటి మంచినీళ్ల కాలవలోకి వేలాడుతోంది. పీల్చిన సముద్రపు నీళ్లు దాని కొసనుంచి బొట్టు బొట్టుగా అందులో పడుతున్నాయి. పెరిగిన రెండొందలూ సముద్రమే. అంటే రోజుకు ఏడు గ్రాముల ఉప్పు, అందులో సగం అక్క ఒంట్లోకి. ఎంత వచ్చిందో రోజూ కొలిచాను. ఒక్కరోజు రుచి చూసిన పాపాన పోలేదు.

సాయంత్రం 5

చెబుదామని వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే అక్క నా చెయ్యి పట్టుకుంది. తిన్నానులేరా, ఇంక తినను, నువ్వు కోపం పెట్టుకోకు అంది.

తినలేదని నాకు తెలుసు. సరేలే అన్నాను. సిగ్గులేకుండా, సరేలే అన్నాను.

మార్చి 22

అక్క పోయింది. చెప్పనేలేదు.

మార్చి 27

ఆ రెండు వారాల అంకెలు తీసేసి రిపోర్టు పంపమన్నాడు పర్సెంటు. తియ్యలేదు. పక్కన ఇంకో కాలమ్ గీశాను: తాగినవారు. పదమూడు వరసల్లోనూ అక్క అని రాశాను.